కుట్లు ముందా, మచ్చ ముందా

మా మామయ్య ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే చల్లటి బల్ల. గోడకి కొట్టిన మేకుకి రెండు సీసపు అక్షరాలు వేలాడుతుంటాయి. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. రోగిని బల్ల మీద పడుకోబెట్టగానే మామయ్య ముందు చూసేది విరిగిన చోటు కాదు, ఆ అక్షరాన్ని. ఎడమ కాలయితే ఎడమ అక్షరం పక్కన పెట్టి, రోగి చేత కూడా "ఎడమే కదా?" అని ఒకసారి అనిపించి, అప్పుడు మీట నొక్కుతాడు. కొత్తగా వచ్చిన సర్జన్ ఒకాయన అక్షరం పడని ఫిల్మ్‌ని చూసి, "పర్లేదు, నాకు తెలుస్తుందిలే, ఇచ్చెయ్యండి" అన్నాడట. "మీకు తెలుస్తుంది డాక్టర్‌గారూ, మీ కత్తికి తెలియదు" అని మామయ్య ఆ ఫిల్మ్‌ని సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ రోజు నుంచి ఆస్పత్రిలో ఆయన్ని చూస్తే పెద్ద డాక్టర్లకి కూడా కాస్త జంకు.

అటువంటి మనిషి తొమ్మిది నెలలు పేరు లేని మాత్రలు మింగాడు.

ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీదో తేల్చుకోవడానికే చాలా రోజులు పట్టింది.

మామయ్యకి నలభై ఆరేళ్ళు. జుట్టంటే ఆయనకి ఎంత ప్రాణమో మా ఇళ్ళలో అందరికీ తెలుసు. పెళ్ళిచూపుల నాడు అత్తయ్య వాళ్ళ నాన్న, "ఉద్యోగం సంగతి తరవాత, ఆ జుట్టు చూడవే" అని కూతురి చెవిలో అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మా అమ్మ తమ్ముణ్ణి ఆటపట్టించాలంటే ఎత్తుకునే మాట కూడా అదే. "జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుంది. నీకేం నాయనా!"

ఒక రోజు ఎక్స్‌రే యంత్రం చెయ్యి కిందికి దించి ఉందని మరిచిపోయి, కింద పడ్డ తువ్వాలు తీసుకుని లేస్తుంటే నడినెత్తికి కాస్త వెనగ్గా దాని అంచు తగిలింది. రక్తం కారింది. క్యాజువాలిటీలో నర్సు అయిదు కుట్లు వేసింది. కుట్లు వేసే ముందు కత్తెర తీసుకుని, మళ్ళీ ట్రేలో పెట్టేసి, "సార్, ఇక్కడ మీరు నాకు పని తగ్గించారు. కత్తిరించడానికి ఏం లేదు" అంది. చెడ్డ మనిషి కాదు. నవ్వించడానికే అంది. చుట్టూ ఉన్న నలుగురూ నవ్వారు. మామయ్యకి తల కొట్టేసినట్టయింది.

తన నడినెత్తి తనకి కనిపించదు కదా. ఇంటికొచ్చి రెండద్దాలు ఎదురెదురుగా పెట్టుకుని చూసుకున్నాడు. గాయం చుట్టూ కాస్త మేరే పలచబడింది, మిగతా తలంతా ఒత్తుగానే ఉంది. నాలుగో రోజున, కుట్లు ఇంకా ఊడదీయకుండానే, బస్సెక్కి ఊరవతల ఉన్న ఒక హెయిర్ క్లినిక్‌కి వెళ్ళాడు.

ఆయన పని చేసే ఆస్పత్రిలో చర్మవ్యాధుల డాక్టరమ్మ ఉంది. ఎక్స్‌రే గదికీ ఆవిడ గదికీ మధ్య ఒక్క మెట్ల వరస. అయినా వెళ్ళలేదు. ఆవిడ దగ్గరికి వెళ్తే వార్డుబాయ్ దగ్గర్నుంచి వంటమనిషి దాకా తెలిసిపోతుందని భయం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా!

క్లినిక్‌లో ఆయన్ని ఒక ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కింద ఆనిక పెట్టి, భుజాల మీద నీలం గుడ్డ కప్పి, పైనుంచి నెత్తిని ఫోటో తీశారు. నెలకొకసారి అదే స్టూలు, అదే గుడ్డ, అదే లైటు. ఒక స్ప్రే సీసా ఇచ్చారు. దాని మీద క్లినిక్ బొమ్మ తప్ప ఇంకేమీ లేదు. తెల్ల కాయితపు పొట్లాల్లో విడి మాత్రలు పోసి ఇచ్చారు. ఒక పొట్లం మీద 'ఉదయం', ఇంకోదాని మీద 'రాత్రి' అని పెన్నుతో రాసి ఉంది. అంతే. వేసుకున్న గంటకి కుర్చీలోంచి గబుక్కున లేస్తే కళ్ళు తిరిగేవి. ఆ సంగతి చెబితే, "అలవాటయిపోతుంది సార్" అన్నారు. జుట్టు ఇంకా రాలుతోందని చెబితే, "పాతది పోతేనే కదా సార్ కొత్తది వచ్చేది" అన్నారు. మొదటి నెలా అదే మాట, అయిదో నెలా అదే, తొమ్మిదో నెలా అదే. తొమ్మిదో నెల ఫోటో అయ్యాక మామయ్య ఇక వెళ్ళలేదు. గొడవా పెట్టుకోలేదు. ఆకుపచ్చ గుడ్డ టోపీ ఒకటి కొనుక్కుని, ఎక్స్‌రే గదిలో ఏసీ పడటం లేదని అందరికీ చెప్పాడు. ఇంట్లో కూడా టోపీ తీయడం మానేశాడు.

టోపీ పెట్టి ఏడాది కావస్తుండగా, ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. అందరం భోజనానికి కూర్చున్నాం. అత్తయ్య తమ్ముడు వచ్చాడు. బస్సు డ్రైవరు. ముప్ఫై ఒక్కేళ్ళు. ఆయన మాట వీధి చివరికి వినిపిస్తుంది కాబట్టి ఇంట్లో అందరూ హారన్ అంటారు. వస్తూనే కంచం పక్కన ఒక రంగుల కాయితం పరిచాడు.

"బావా, ముద్ద దించి ఇది చూడు. మా డిపో గేటు దగ్గర పంచుతున్నారు. ఎడమ పక్క ఎడారి, కుడి పక్క అడవి! ఒకడి తలే!"

"తినేటప్పుడు తలలేంట్రా" అంది అత్తయ్య.

"అక్కా, నా నుదురు రోజూ అంగుళం వెనక్కి పోతోంది. ఇంకో ఏడాదికి ముఖం కడుక్కోవడం ఎక్కడ ఆపాలో తెలీదు నాకు. శనివారం చేరిపోతున్నాను. డబ్బు కట్టేశా."

మామయ్య ఆ కాయితం వంక చూసి నమలడం ఆపేశాడు. నీలం గుడ్డ. గడ్డం కింద ఆనిక అంచు. లేచి, చెయ్యి కడుక్కుని, కాయితం తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు.

"చూశావా, బావకి కూడా ఆశ పుట్టింది" అని హారన్ నవ్వాడు.

హారన్ వెళ్ళిపోయాక మామయ్య నన్ను పిలిచాడు. కిటికీ అద్దానికి ఆ కాయితాన్ని ఆనించి పట్టుకుని ఉన్నాడు. ఇంకో చేతిలో భూతద్దం.

"నీవి కుర్ర కళ్ళు. ఈ రెండు బొమ్మల్లో ఏముందో చెప్పు. జుట్టు చూడకు."

"జుట్టు చూడకుండా ఇంకేం చూడాలి మామయ్యా?"

"చర్మం చూడు."

చూశాను. ఎడమ పక్క పలచటి తల మీద, వెనక వైపు, వేలెడంత తెల్లటి గీత ఉంది. కుడి పక్క ఒత్తు తల మీద సరిగ్గా అదే చోట గీత ఎర్రగా ఉంది. దానికి అడ్డంగా నల్లటి దారం ముక్కలు. లెక్కపెట్టాను. అయిదు.

"ఎడమ దాని కింద ఏం రాశారు?"

"చికిత్సకు ముందు."

"కుడి దాని కింద?"

"తొమ్మిది నెలల చికిత్స తరువాత."

మామయ్య టోపీ తీసి నా వైపు వీపు తిప్పి కూర్చున్నాడు. ఆ తల నేను చూసి ఏడాది కావస్తోంది. జుట్టు పలచబడిన చోట ఆ తెల్లటి గీత స్పష్టంగా ఉంది. కాయితం మీద 'ముందు' అని ఉన్న బొమ్మలో ఎలా ఉందో అలాగే.

"మచ్చ పడి, మాని, ఆ తరవాత కుట్లు పడతాయా ఎక్కడైనా?" అన్నాడు. "నేను వెళ్ళిన మొదటి రోజు ఫోటోని ఆఖర్న పెట్టారు. ఆఖరి రోజుది మొదట పెట్టారు. వాళ్ళ మందు వాడి నేను పోగొట్టుకున్న జుట్టుని, వాళ్ళు మొలిపించిన జుట్టని అచ్చేసుకున్నారు. అదీ నా తల మీదే!"

గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉందని అప్పుడు చూశాం.

"ఏ మందు?" అంది.

మామయ్య గబుక్కున టోపీ అందుకున్నాడు.

"నాకు తెలీదనుకున్నారా? దిండు గలేబులు ఉతికేది ఎవరు? బలం మాత్రలన్నారు, సరేననుకున్నాను. బలం మాత్రలు వేసుకుని గోడ పట్టుకుని నడిచే మగాణ్ణి మిమ్మల్నే చూశాను. నాకో మాట చెబితే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

"జుట్టు రాలింది చాలదా" అన్నాడు మామయ్య.

ఆవిడ నవ్వలేదు. "మా తమ్ముడికి ఫోన్ చెయ్యండి" అంది.

చేశాడు. స్పీకర్ పెట్టకపోయినా హారన్ మాట గదంతా వినిపించింది. "బావా, నీ తలంటావేంటి! ముఖమే లేదు దానికి. నీకు పడలేదని నాకు పడకూడదా? ఇంత కుళ్ళు ఉండకూడదు బావా. నువ్వు మామూలుగానే జుట్టు మనిషివి, నాకు పెళ్ళయ్యేనాటికే సగం పోయింది."

"ఒరేయ్, ఆ మాత్ర వేసుకుంటే కళ్ళు తిరుగుతాయిరా. నువ్వు బస్సు నడుపుతావు."

"నాకు పదకొండేళ్ళ సర్వీసులో కళ్ళు తిరగలేదు."

మామయ్య ఫోన్ పెట్టేసి, "శనివారం నేనూ వెళ్తాను" అన్నాడు. వెళ్ళడమంటే ఏమిటో ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. కాయితం మీద ముఖం లేదు. ఆ తల తనదే అని నిరూపించాలంటే టోపీ తీసి, ఎదురుగా నిలబడి, నలుగురికీ చూపించాలి. ఏడాదిగా పెళ్ళానికి కూడా చూపించని తలని.

శనివారం పొద్దున మామయ్యా నేనూ వెళ్ళేసరికి క్లినిక్ ముందుగది నిండా మగవాళ్ళే. పదిహేను మంది దాకా ఉన్నారు. అందులో సగం మంది టోపీల్లో ఉన్నారు. ఎవరి ఫోన్ వాళ్ళు చూసుకుంటున్నారు. పక్కవాడి తల చూడకూడదన్న మర్యాద ఏదో అందరూ పాటిస్తున్నట్టుంది. గోడ మీద నిలువెత్తు పోస్టరు. అందులో మా మామయ్య నడినెత్తి, రెండు సార్లు, బకెట్టంత పెద్దగా. ఆ సైజులో కుట్లు కనపడటానికి భూతద్దం అక్కర్లేదు. కానీ ఆ గదిలో ఒక్కడూ కుట్లు చూడలేదు. అందరూ జుట్టే చూశారు.

కౌంటర్లో టై కట్టుకున్న సలహాదారు కూర్చున్నాడు. ఒత్తయిన జుట్టు. హారన్ అప్పటికే అతని ముందు కూర్చుని ఫారం నింపుతున్నాడు. మమ్మల్ని చూసి, "వచ్చావా బావా" అని తల పట్టుకున్నాడు.

"ఆ పోస్టరు తీయించండి" అన్నాడు మామయ్య. "ఆ తల నాది. రెండు బొమ్మలూ తారుమారు చేశారు."

సలహాదారు నవ్వుమొహంతోనే, "అలా ఎలా చెప్పగలరు సార్? ముఖం లేదు కదా. తలలన్నీ ఒకేలా ఉంటాయి" అన్నాడు.

మామయ్య చెయ్యి టోపీ దాకా వెళ్ళి ఆగింది. ఆ తరవాత టోపీ తీసేసి జేబులో కుక్కుకుని, పోస్టరు దగ్గరికి వెళ్ళి, దాని పక్కనే గదికి వీపు పెట్టి నిలబడ్డాడు.

"అందరూ చూడండి. ఇదీ నా తల. అదీ నా తల. ఎడమ బొమ్మలో మచ్చ ఉంది, నాకూ ఉంది. కుడి బొమ్మలో కుట్లున్నాయి, లెక్కపెట్టుకోండి. కుట్లు ముందా, మచ్చ ముందా? చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు."

ఫోన్లన్నీ కిందికి దిగాయి. ఒకాయన లేచి వచ్చి, కళ్ళద్దాలు సవరించుకుని, మామయ్య తలా పోస్టరూ మార్చి మార్చి చూసి, కుట్లని వేలు పెట్టి లెక్కపెట్టాడు. "అవునండోయ్. అదే మచ్చ, అయిదు కుట్లు" అన్నాడు.

"సార్, ఒత్తిడి వల్ల కూడా జుట్టు రాలుతుంది. మీరు ఆస్పత్రి ఉద్యోగం, నిద్ర సరిగ్గా ఉండదు..." అని సలహాదారు అందుకున్నాడు.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకు. మోకాళ్ళు నేను రోజుకి పాతిక చూస్తాను, గుండు ఇప్పుడు నువ్వు చూస్తున్నావు. ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పు. నీ జుట్టు ఈ మాత్రలతోనే వచ్చిందా?"

"నాది... సహజంగానే సార్."

ముందుగదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన మాత్రం, "మీకు పడకపోయుండొచ్చు. అందరికీ అలాగే అవ్వాలని లేదుగా" అని గొణిగాడు.

మామయ్య గిర్రున తిరిగాడు. "పడలేదని కాదండీ నా కోపం! జుట్టు పోయింది, పోతుంది, మా తాతకీ పోయింది. పోయినదాన్ని వచ్చిందని అచ్చేసి, దాన్ని చూపించి మిమ్మల్ని ఇక్కడ కూర్చోబెట్టారు. అదీ నా కోపం."

ఆ అరుపుకి లోపలి గది తలుపు తెరుచుకుని తెల్లకోటు ఆయన బయటికి వచ్చాడు. "లోపలికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఇక్కడే మాట్లాడండి."

ఆయన గొంతు తగ్గించాడు. "ప్రింటింగ్ వాళ్ళ పొరపాటండీ. ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ పడింది. చిన్న విషయం."

చిన్న విషయం అన్న మాట వినగానే మామయ్య ముఖం ఎలా మారిందో చెప్పలేను. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "ఎడమ కుడి అయితే మా దగ్గర మంచి కాలు కోస్తారండీ. సరే, పొరపాటే అనుకుందాం. సరిచేసి మళ్ళీ అచ్చెయ్యండి. ముందు ఒత్తు తల, తరవాత ఈ తల. కింద మీ క్లినిక్ పేరు. ఆ కాయితం చూసి ఎవరొస్తారో నేనూ చూస్తాను."

"మీకు ఆర్నెల్లు ఉచితంగా చేస్తాం" అన్నాడు తెల్లకోటు ఆయన.

"నాకొద్దు. నేను మింగిన మాత్రల పేరు చెప్పండి."

"అది మా సొంత ఫార్ములా."

"పేరు."

"బయటికి చెప్పం సార్."

అప్పటిదాకా నోరు మెదపని హారన్ కుర్చీలోంచి లేచాడు. "డాక్టర్‌గారూ, నేను బస్సు డ్రైవర్ని. అది వేసుకుని బండి నడపొచ్చా?"

"మొదటి వారం పది రోజులు కాస్త జాగ్రత్తగా ఉంటే..."

"మొదటి వారం నా బస్సులో అరవై మందినీ నడుచుకుంటూ పొమ్మంటావా?" హారన్ గొంతుకి గాజు తలుపు అదిరింది. నింపిన ఫారాన్ని నాలుగు ముక్కలు చేసి బల్ల మీద పెట్టాడు. "నా డబ్బు ఇవ్వు. ఇక్కడే కూర్చుంటాను. నా డ్యూటీ సాయంత్రం."

ఇచ్చేదాకా కూర్చున్నాడు. పోస్టరు కూడా వాళ్ళు మా ఎదుటే చింపారు. పదిహేను మందిలో ఆరుగురు లేచి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు ఉండిపోయారు. కళ్ళద్దాలు సవరించుకుని కుట్లు లెక్కపెట్టిన ఆయన కూడా తన పేరు పిలవగానే లోపలికి వెళ్ళాడు! బయటికొచ్చాక మామయ్యకి అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది ఆ మనిషి మీద. "కళ్ళతో చూశాడే! వేలు పెట్టి లెక్కపెట్టాడే!" అని బస్సు దిగేదాకా అంటూనే ఉన్నాడు. హారన్ మాత్రం, "ఆశ బావా. ఇందాకటి దాకా నేనూ అంతే కదా. ఫోన్లో నిన్ను కుళ్ళుబోతన్నాను, ఏమీ అనుకోకు" అన్నాడు. "అనుకున్నాను" అన్నాడు మామయ్య.

ఆరోగ్య శాఖకి ఫిర్యాదు పంపాం. ఫోటోలు, పొట్లాలు, మిగిలిన నాలుగు మాత్రలు జతచేశాం. అందిందని ఒక ముక్క వచ్చింది. అంతకు మించి ఇంతవరకూ ఏమీ లేదు. క్లినిక్ వాళ్ళు కొత్త కాయితం అచ్చేశారు. దాని మీద ఇంకెవరిదో తల. ఈసారి మచ్చ లేని తల వెతుక్కున్నారు.

క్లినిక్‌లో గొడవైన తరవాతి సోమవారమే మామయ్య టోపీ లేకుండా పనిలోకి వెళ్ళి, ఓపీ చీటీ రాయించుకుని, చర్మవ్యాధుల డాక్టరమ్మ గది ముందు వరసలో నిలబడ్డాడు. వార్డుబాయ్ చూశాడు. వంటమనిషి చూసింది. కుట్లు వేసిన నర్సు చూసి, "సార్, ఆ రోజు నేనన్న మాటకేనా ఇదంతా?" అని అడిగిందట. "నీ మాటకి కాదమ్మా, నా బుద్ధికి" అన్నాడట.

డాక్టరమ్మ భూతద్దంతో చూసి, తిట్టింది. పేరు లేని మందు మింగారా, మీరా, అంది. మొదట్లో రెండు మూడు నెలలు కొంత రాలడం కొన్ని మందులతో ఉన్నదే గానీ, తొమ్మిది నెలలు అదే మాట చెప్పడం మోసమంది. జుట్టుకి వాడే మందుల్లో రక్తపోటు తగ్గించేది ఒకటుందట. కళ్ళు తిరగడం దానివల్ల కావచ్చు, కాకపోవచ్చు, పేరు తెలియకుండా తానేమీ చెప్పలేనంది. రక్తపోటు చూసింది. రెండు మందుల పేర్లు విడివిడి అక్షరాలతో రాసింది. ఏది ఎందుకో, దేనితో ఏ ఇబ్బంది రావచ్చో, ఏదొస్తే వెంటనే ఆపెయ్యాలో చెప్పింది. ఉన్నది నిలబడొచ్చు, కొంత రావచ్చు, ఆపితే మళ్ళీ పోతుంది, పాత తల మాత్రం ఆశించకండి, అంది. ఫోటో తీసి, పక్కన తారీఖు వేసింది.

"వాడినా రాలితే?" అని అడిగాడు మామయ్య.

"రాలితే రాలిందనే రాస్తాను" అంది ఆవిడ.

ఆ రాత్రి ఈ సంగతంతా మాకు చెబుతూ మామయ్య ఆ మాట దగ్గర ఆగిపోయాడు. శాంతించాడేమో అనుకున్నాను. కాదు. "ఈ ఒక్క ముక్క చెప్పే మనిషి మెట్ల కింద కూర్చుని ఉంది" అన్నాడు. "నేను బస్సెక్కి ఊరవతలికి పోయాను. తొమ్మిది నెలలు." అత్తయ్య మంచినీళ్ళ గ్లాసూ మాత్రా తెచ్చి పెట్టింది. ఆయన వేసుకోలేదు. మాత్రల అట్టని దీపం దగ్గరికి తీసుకెళ్ళి, దాని వెనక ఉన్న పేరుని ఒక్కొక్క అక్షరం చదువుకున్నాడు, కోపంగానే.